చేపల మామ్మ వేసిన ఆరువందల బంతులు

ఆ ఆదివారానికి పే షాన్ వేసుకున్న పథకంలో చావు లేదు. ఎనిమిదింటికి అత్తగారికి గంజి, తొమ్మిదింటికి పిల్లాడికి స్నానం, పదింటికి ఆట ఒకసారి సాధన. పదకొండింటికి ఆడబిడ్డ బీ హోంగ్ రాగానే ఆమె ఎదుట అదే ఆట, ఆ తర్వాత కోడి, అన్నం. ఇంతే. తెల్లారకముందే బస్సు డ్యూటీకి పోతూ మొగుడు బూన్ లియాంగ్ గుమ్మంలో ఆగి మరీ చెప్పాడు. "అక్కతో వాదించకు. వాదిస్తే గెలవలేవు. చూపించు చాలు."

చూపించవలసినది వాళ్ళమ్మని. ముప్ఫయ్యేళ్ళు బెడోక్ బజారులో చేపలమ్మిన కిమ్ సువాన్‌కి డెబ్భై తొమ్మిది. మూడేళ్ళుగా మతిమరుపు జబ్బు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కొడుకుని ఒక్కోరోజు మొగుడనుకుంటుంది. కూతుర్నయితే ఏడాదిగా "ఆ బీమా కంపెనీ ఆవిడ" అంటోంది. పోయిన ఏడు రెండుసార్లు పడింది. అప్పుడు బీ హోంగ్ సరిహద్దు అవతల జొహోర్‌లో ఒక వృద్ధుల హోము చూసి, మంచం కూడా అట్టేపెట్టించింది. కాగితాలు ఈ ఆదివారమే తెస్తానంది.

"మూడోసారి పడి తుంటి విరిగితే? చంకలో ఎనిమిది నెలల పిల్లాణ్ణి పెట్టుకుని ఆవిణ్ణి నువ్వు లేపుతావా?" అని అడిగింది. ఆ ప్రశ్న పే షాన్ తనే తనని రోజుకి నాలుగుసార్లు అడుగుతోంది. కానీ అత్తగారు వెళ్ళిపోతే పిల్లాడు జున్ కైని నిద్రపుచ్చేదెవరన్నది ఇంకో ప్రశ్న. అందరి పేర్లూ మరిచిపోయిన ఆ మనిషి జోలపాట మాత్రం మరవలేదు. ఆవిడ వీపు మీద చెయ్యి వేస్తే చాలు, వాడు కళ్ళు మూసేవాడు. పే షాన్ వేస్తే తెరిచేవాడు.

ఆశంతా ఆట మీదే. వాళ్ళ అపార్టుమెంటు బ్లాకు పక్కనున్న పెద్దవాళ్ళ కేంద్రంలో ఫర్హాన్ అనే కుర్ర డాక్టరు కిమ్ సువాన్ చేత తెర ముందు ఆట ఆడించేవాడు. అరచేతిలో పట్టే నల్లటి కెమెరా కన్నొకటి తెర కింద పెడతారు. ఎదుట నిలబడ్డవాళ్ళు చేతులు చాపి నడుం వంచితే, తెర మీద బంతి దొర్లుకుంటూ పోయి దూరంగా నిలబెట్టిన పది సీసాల్ని పడగొడుతుంది. "ఊరికే నడవమంటే నడవరండీ. ఆటంటే నడుస్తారు. కాళ్ళూ చేతులూ మెదడూ ఒకేసారి పనిచేస్తాయి" అనేవాడు. చేపల బుట్టలు విసిరిన చేతులు కదా, కిమ్ సువాన్‌కి దెబ్బ గురి తప్పేది కాదు. ఆట మొదలెట్టిన నాలుగు నెలల్లో ఆవిడ ఒక్కసారి కూడా పడలేదు.

ఆటకి రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. మతిమరుపు జబ్బువాళ్ళు తెర మీద కార్టూను బొమ్మని చూసి అది తామేనని అనుకోరు. అందుకని మొదట వాళ్ళ సొంత ఫొటోనే తెరంతా వస్తుంది, కింద పేరూ వయసూ. మనిషి ఎదుటికి వచ్చి వంగేదాకా ఆ ఫొటో అలాగే ఉంటుంది, బంతి వేశాక మళ్ళీ వస్తుంది. రెండోది గొంతు. తెలిసిన గొంతయితే మాట వింటారని ఫర్హాన్ కోడలి గొంతు ఎక్కించాడు, వినలేదు. కొడుకుది ఎక్కించాడు, వినలేదు. కిమ్ సువాన్ పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా వినలేదు, ఒక్క తన మాట తప్ప. చివరికి ఆవిడ గొంతే ఆవిడకి ఎక్కించాడు. అప్పట్నించీ తెరలో కిమ్ సువాన్ తిడుతుంటే బయట కిమ్ సువాన్ బుద్ధిగా ఆడేది.

శని ఆదివారాలు ఇంట్లో ఆడించమని ఆ సరంజామా అంతా పే షాన్‌కి ఇచ్చి పంపాడు.

పదింటికి సాధన మొదలైంది. పదీ రెండుకి ముగిసింది.

"ఖాళీ చేత్తో ఏం విసరను?" అంది కిమ్ సువాన్.

"ఊరికే విసిరినట్టు చెయ్యి ఊపాలి అత్తయ్యా. మొన్న ఊపారుగా."

"ఊరికే ఊపడానికి నాకేం పిచ్చా?" అంటూ బల్ల మీది పంపరపనసకాయ తీసుకుని, నడుం వంచి, ముప్ఫయ్యేళ్ళ అనుభవంతో వదిలింది. గురి తప్పలేదు. పంపరపనస టీవీ మధ్యలో తగిలింది. తెర మీద సీసాలు పడలేదు, తెరే పడింది.

జున్ కై ఏడుపు లంకించుకున్నాడు. పే షాన్‌కీ అదే పని చేయాలనిపించింది. ఇంకో గంటలో ఆడబిడ్డ వస్తుంది. పగిలిన టీవీ చూస్తే 'ఇక చాలు, సంతకం పెట్టండి' అంటుంది. ఆమె ఈ గది గుమ్మం తొక్కకూడదు. ఆటా భోజనమూ రెండూ కిందే జరగాలి. కింద అంటే బ్లాకు కింది ఖాళీ జాగా. ఆ బ్లాకువాళ్ళకి పెళ్ళయినా, చావయినా, సాయంత్రం చదరంగమయినా అక్కడే.

ఎదురింటి హలీజా అక్క మేనకోడలి పెళ్ళికని జరీ దుస్తుల్లో సిద్ధంగా ఉంది. విషయం విని, మొగుడు ఫుట్‌బాల్ మ్యాచులకి వాడే ప్రొజెక్టరు చంకన పెట్టుకుని కిందికి వచ్చింది. అదృష్టం చూడండి, అక్కడ సామానంతా తయారుగా ఉంది. నిన్ననే ఐదో అంతస్తు తాతగారి సంతాప దినాలు ముగిశాయి. గుండ్రటి బల్లలు, ఎర్ర కుర్చీలు, మడతపెట్టిన తెల్ల టార్పాలిన్లు, సగం అయిన వేరుశనక్కాయల బస్తా, ప్యాకెట్ టీల అట్టపెట్టె ఓ మూల ఉన్నాయి. సోమవారం లారీ వచ్చి తీసుకుపోతుంది.

వెలుతురికి బొమ్మ కనపడలేదు. మూడువైపులా తెల్ల టార్పాలిన్లు కట్టారు. తెరకి తెల్ల దుప్పటి. ఇంత చేసినా రంగులు వెలిసిపోయి ఫొటో నలుపూ తెలుపుగానే వచ్చింది. గుర్తింపు కార్డు కోసం తీసిన ఫొటో, అందులో కిమ్ సువాన్ నవ్వదు. కింద పెద్ద అక్షరాలతో 'ఆంగ్ కిమ్ సువాన్, 79'. నల్ల కన్ను బల్ల మీద నిలబడక జారుతోంది. పే షాన్ ఇంట్లో పాలపొడి డబ్బాలకి కరువా? ఓ ఖాళీ డబ్బాలో బియ్యం పోసి, కన్నుని అందులో గుచ్చి, దుప్పటి ముందు పెట్టింది. భోజనం కూడా ఇక్కడే కనుక, తలతో సహా ఉడికించిన కోడిని పళ్ళెంలో తెచ్చి పాలడబ్బా పక్కన ఉంచింది. ఆ పక్కన పిరమిడ్‌లా ఐదు కమలాపళ్ళు. ఈలోపు జున్ కై ఆమె బట్టల మీద కక్కాడు. ఉతికినవాటిలో మిగిలింది మొగుడి తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఒక్కటే. అవే వేసుకుంది.

హలీజా నాలుగడుగులు వెనక్కి వేసి మొత్తం చూసింది. ఇరవయ్యేళ్ళుగా ఆ బ్లాకులో ఉంటున్న మనిషి.

"పే షాన్, ఇదంతా చూస్తుంటే కొంచెం…"

"కొంచెం ఏంటక్కా? వంకరగా ఉందా?"

"వంకరగా కాదు. అంటే, మనవాళ్ళు చూస్తే…"

జున్ కై గుక్కపెట్టాడు. పెళ్ళివారి నుంచి హలీజాకి ఫోను వచ్చింది. మిగతా సగం మాట గొంతులోనే పెట్టుకుని ఆమె పెళ్ళికి పరుగెత్తింది. ఆ రోజు జరిగినదంతా ఆ మిగతా సగమే.

పే షాన్ అత్తగారిని తేవడానికి పైకి పరుగెత్తింది. అక్కడ కిమ్ సువాన్ తన రబ్బరు బూట్లు వెతుక్కుంటోంది. "బజారుకి బూట్లు లేకుండా ఎవత్తెయినా వెళ్తుందా? నేలంతా చేపల నీళ్ళు." బూట్లు అమ్మేసి పదేళ్ళయింది. పే షాన్ తొమ్మిదో అంతస్తులో తలుపు తలుపూ కొట్టి పసుపు రంగు బూట్లు సంపాదించేసరికి అరగంట పట్టింది.

ఆ అరగంటలో కిందికి హాక్ చియాంగ్ అంకుల్ వచ్చాడు. డెబ్భై ఏళ్ళ వాడు, చుట్టూ ఉన్న పన్నెండు బ్లాకుల్లో ఎక్కడ చావు జరిగినా మొదటి కుర్చీ అతనిదే, ఆఖరి ప్యాకెట్ టీ అతనిదే. తెల్ల టార్పాలిన్ చూడగానే కాళ్ళు వాటంతటవే ఇటు తిరిగాయి. ఫొటో చూశాడు. పేరూ వయసూ చదివాడు. కోడి, కమలాలు, బియ్యం డబ్బా వరసగా చూశాడు, పోయినవాళ్ళ ఫొటో ముందు పెట్టేవే అన్నీ. కళ్ళు చెమ్మగిల్లాయి.

"చేపల మామ్మా! మొన్ననేగా నన్ను దొంగవెధవా అన్నావు, ఇంతలోనే వెళ్ళిపోయావా?"

నిన్నటి కట్టలోంచి మూడు ఊదుబత్తీలు తీసి వెలిగించాడు. డబ్బాలో అప్పటికే గుచ్చి ఉన్న నల్లటి వస్తువుని చూసి, "ఈ రోజుల్లో ఇవి కూడా కరెంటువి వచ్చాయి" అనుకున్నాడు. రెండు చేతులతో బత్తీలు ముందుకు చాచి, నడుం వంచి దండం పెట్టాడు.

గడగడమని బంతి దొర్లింది. పది సీసాలు ఫెళ్ళున కూలాయి. ఎక్కడినుంచో వందమంది చప్పట్లు కొట్టారు. ఫొటో చుట్టూ నక్షత్రాలు పేలాయి. చచ్చిపోయిన కిమ్ సువాన్ బ్లాకు దద్దరిల్లేలా అరిచింది.

"అదీ దెబ్బంటే! ఇంకోటి వెయ్!"

హాక్ చియాంగ్ ఎర్ర కుర్చీలో కూలబడ్డాడు. రెండు టీ ప్యాకెట్లు తాగాక ఊపిరి వచ్చింది. మూడోది తాగుతూ బ్లాకుల గ్రూపులో గొంతు మెసేజి పెట్టాడు. "చేపల మామ్మ పోయింది. ఎక్కడా తగ్గకుండా ఏర్పాటు చేశారు. మామ్మ మాట్లాడుతోంది కూడా. తొందరగా రండి."

పావుగంటలో అరవైమంది వచ్చారు. చేపల బజారు బజారంతా వచ్చింది. ఎవరూ పిలవకుండానే వరస కట్టారు. ఒక్కొక్కరూ మూడేసి దండాలు, దండానికో బంతి. పొగ కమ్మి కన్నుకి ఒక్కోసారి ఏమీ కనపడేది కాదు.

"తప్పు! మళ్ళీ చెయ్యి!" అనేది మామ్మ.

"చూశావా, చచ్చినా సరిగ్గా దండం పెట్టందే వదలదు" అనుకుంటూ వాళ్ళు మళ్ళీ పెట్టేవాళ్ళు.

రొయ్యలమ్మే లావాటి ఆవిడ ఒకతె కష్టపడి వంగింది.

"చెయ్యి ఇంకా చాపు!"

"చాపానే మహాతల్లీ! బతికినన్నాళ్ళూ నా కొట్టు ముందు నీ బుట్టలు చాపావు, చాల్లేదా?" అని ఆవిడ భోరుమంది.

తెర మూలన మారుతున్న అంకెల్ని జనం అరచేతుల మీద రాసుకున్నారు. చావింట్లో కనపడిన నంబరు లాటరీకి మంచిదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. పోయిన మనిషే స్వయంగా నంబర్లు చెప్పడం మాత్రం ఎవరూ ఎరగరు.

సరిగ్గా అప్పుడు బీ హోంగ్ టాక్సీ వచ్చింది. దారిలోనే చిన్ననాటి స్నేహితురాలు కబురు పెట్టింది. తమ్ముడికి చేస్తే ఎత్తలేదు, బస్సు నడుపుతున్నాడు. మరదలికి చేస్తే ఎత్తలేదు, బూట్ల వేటలో ఉంది. ఆఖరి ఘడియకి అందని పిల్లలు మోకాళ్ళ మీదే రావాలన్నది వాళ్ళ ఆచారం. యాభై నాలుగేళ్ళ బీ హోంగ్ చెప్పులు విడిచి, కార్లు ఆగేచోట మొదలుపెట్టి, సిమెంటు నేల మీద పాక్కుంటూ వచ్చింది. జనం ఏడుస్తూ దారిచ్చారు.

"అమ్మా! ఒక్కరోజు ఆగలేకపోయావా అమ్మా!"

కన్నుకి నేల మీద మనిషి కనిపించింది. "లే! నిటారుగా నిలబడు!" అంది తెర.

బీ హోంగ్ చటుక్కున తెర వైపు తిరిగింది. అది అమ్మ గొంతే. పదేళ్ళప్పుడు గూనిగా వంగి కూర్చుంటే వీపు మీద చరిచి అన్న గొంతు. లేవబోయింది. మోకాళ్ళు ఒప్పుకోలేదు.

"లేవలేనమ్మా. పాపం చేశానమ్మా. నిన్ను హోములో పడేద్దామనుకున్నాను!"

"తప్పు!"

"తప్పేనమ్మా, తప్పే! పడిపోతావని భయమేసింది. నువ్వు నన్ను గుర్తుపట్టకపోతే, ఇక ఎక్కడుంటే ఏంలే అనుకున్నానమ్మా!"

"మళ్ళీ చెయ్యి!"

"మళ్ళీ చెయ్యను! ఇంకెప్పుడూ చెయ్యను! ఇదిగో, అందరి ముందూ చెప్తున్నా." సంచిలోంచి కాగితాలు తీసి నిలువునా చింపింది. "నువ్వు ఒక్కసారి తిరిగొస్తే చాలు. ఎక్కడికీ పంపను. ప్రతి ఆదివారం నేనే వస్తా. నీ కాళ్ళు పడతా!" అంటూ రెండు చేతులూ చాచి నేలకి వంగింది.

గడగడమంటూ బంతి దొర్లింది. పదికి పది పడ్డాయి.

"అదీ దెబ్బంటే!" అంది అమ్మ.

అరవైమందీ ఒక్కసారిగా గొల్లుమన్నారు.

ఆ గోలలో లిఫ్టు గంట ఎవరికీ వినపడలేదు. పసుపు బూట్లతో కిమ్ సువాన్ దిగింది. వెనక పిల్లాణ్ణి ఎత్తుకున్న పే షాన్, ఎదుట కనపడిందేమిటో అర్థంకాక, లిఫ్టు తలుపు మధ్యలోనే నిలబడిపోయింది. తలుపు మూసుకోబోతూ తగిలి, తెరుచుకుని, మళ్ళీ మూసుకోబోయింది.

కిమ్ సువాన్ మాత్రం తడబడలేదు. జనాన్ని చూసింది, కోడిని చూసింది, విషయం గ్రహించింది. నెమ్మదిగా నడిచి వచ్చి హాక్ చియాంగ్ పక్క కుర్చీలో కూర్చుని వేరుశనక్కాయ ఒలిచింది.

"ఎవరు పోయారు?"

"చేపల మామ్మ" అన్నాడతను తెర మీదినుంచి చూపు తిప్పకుండా, ఆవిడకో ప్యాకెట్ టీ అందిస్తూ.

"ఎన్నేళ్ళు?"

"డెబ్భై తొమ్మిది."

"మంచి వయసే. బాధపడిందా?"

"లేదట. నిద్రలోనే…" అని ఇటు తిరిగాడు. తర్వాత ఫొటో వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. చేతిలోని నాలుగో ప్యాకెట్ టీ చొక్కా మీద పోయింది. "అమ్మో" అనబోతే గొంతులోంచి ఈల వచ్చింది.

కిమ్ సువాన్ లేచి ఫొటో ముందుకు వెళ్ళింది. ఆవిడ పోతున్న దారి పొడుగునా ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి, దీపాలు ఆర్పుకుంటూ పోయినట్టు. ఆవిడ మెడ పక్కకి వంచి ఫొటోని పరీక్షగా చూసింది.

"ఈవిణ్ణి ఎరుగుదును. చేపలమ్మేది. నోరు మంచిది కాదుగానీ గట్టి మనిషి."

తర్వాత నేల మీద ఉన్నావిణ్ణి చూసింది. చాలాసేపు చూసింది. పే షాన్ లిఫ్టులోంచి బయటికి వచ్చింది. బీమా కంపెనీ అంటుందా, ఎవరే నువ్వు అంటుందా?

"బీ హోంగ్! లే. నేల చల్లగా ఉంది, మోకాళ్ళు పట్టేస్తాయి. నీకెన్నిసార్లు చెప్పాలి?"

బీ హోంగ్ తల ఎత్తింది. లేవబోయింది, మోకాళ్ళు నిజంగానే పట్టేశాయి.

కిమ్ సువాన్ బూట్లు రెండూ ఎడంగా పెట్టి, నడుం వంచి, కూతురి రెండు చేతులూ పట్టుకుని ఒక్క ఊపున పైకి లేపింది. తూలలేదు. చెయ్యి వణకలేదు. అరవై కేజీల బీ హోంగ్ బుట్టలోని చేపలా లేచి నిలబడింది. నాలుగు నెలల ఆట ఏం చేసిందో పే షాన్ గంటసేపు వివరిద్దామనుకుంది. ఇక వివరించవలసింది ఏమీ మిగల్లేదు.

"అమ్మా, నువ్వు… నన్ను పేరుతో పిలిచావు…"

"ఇంత గోల దేనికే? ఎవరో చేపలావిడ పోతే!"

అప్పటికి జనానికి నోళ్ళు వచ్చాయి. "మోసం!" అన్నారు ఒకరు. "కాదు, అద్భుతం!" అన్నారు ఇంకొకరు. "నంబర్లు చెల్లుతాయా?" అంది రొయ్యలావిడ. పే షాన్ పిల్లాణ్ణి గుండెకి అదుముకుని, ఏడుస్తూ, టీవీ దగ్గర్నుంచి పాలడబ్బా దాకా జరిగినదంతా చెప్పింది. "క్షమించండి, ఆటండీ ఇది, వట్టి ఆట" అంది. ముందు హాక్ చియాంగ్ నవ్వాడు. ఇక ఎవరూ ఆపుకోలేకపోయారు.

"ఆటయితే మరి ఆడదాం" అంది కిమ్ సువాన్. "కానీ ఖాళీ చేత్తో ఏం విసరను?" కళ్ళు కమలాపళ్ళ మీద వాలాయి.

అరవైమంది రెండడుగులు వెనక్కి వేశారు. ప్రొజెక్టరు హలీజా మొగుడిదని గుర్తొచ్చి పే షాన్ కెవ్వుమంది. అందరికంటే ముందు కదిలింది బీ హోంగే. గబుక్కున తన చెయ్యి అమ్మ చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకోమ్మా. ఇది విసురు."

కిమ్ సువాన్ ఆ చేతిని బరువు తూచినట్టు కాస్త ఎత్తి చూసింది. నచ్చింది. ఇద్దరూ కలిసి వంగారు, ఇద్దరి చేతులూ కలిసి ఊగాయి. బంతి పోయింది. తొమ్మిది పడ్డాయి.

"నీ వల్లే ఒకటి మిగిలింది" అంది తల్లి.

"నా వల్లేనమ్మా" అంది బీ హోంగ్, ముక్కు తుడుచుకుంటూ.

నాన్నమ్మ ఎత్తుకోగానే జున్ కై ఆ గోలలోనే ఆవిడ భుజం మీద నిద్రపోయాడు. పే షాన్ ఓ మూల నిలబడి ఆడబిడ్డతో మెల్లగా అంది. "వదినా, పైన టీవీ కూడా…"

"టీవీ సంగతి నాకు చెప్పకు, నేను వినలేదు. ప్రతి ఆదివారం వస్తానన్నాను కదా, అప్పుడు చూస్తాను."

"నేను సాక్షిని" అన్నాడు హాక్ చియాంగ్, కోడి కాలు అందుకుంటూ. "అరవైమంది సాక్షులం."

రెండింటికి డ్యూటీ దిగిన బూన్ లియాంగ్ ఫోనులో నూట నలభై మెసేజిలు చూసి, యూనిఫామ్‌లోనే ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళమ్మ వరసలో రెండో నంబరులో ఉంది. ముందు రొయ్యలావిడ ఉంది. "తోసుకోకు, వెనక నిలబడు" అని ఇద్దరూ అతన్ని కసిరారు.

మంగళవారం నాడు కేంద్రం నుంచి ఫర్హాన్ నివేదిక వచ్చింది. ఆ నల్ల కన్ను చూసినదంతా లెక్కపెట్టి అతనికి పంపుతుందని పే షాన్‌కి అప్పటిదాకా తెలియదు. విప్పి చదివింది.

'కిమ్ సువాన్‌గారు ఆదివారం ఒక్కరోజే ఆరువందల పన్నెండు బంతులు వేశారు, కొంతసేపు మోకాళ్ళ మీద కూడా ఆడారు. ప్రగతి అమోఘం. కానీ ఆవిడ వయసుకి ఇంత హడావిడి ప్రాణానికే ప్రమాదం కాబట్టి దయచేసి జాగ్రత్త వహించగలరు.'